తొక్కే సైకిల్ ఒకటే.. యాప్‌లు రెండెందుకు?

తెల్లవారుజామున అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర విజయవాడ హైవే మీద ఒక్కసారి సైకిల్ తొక్కి చూడండి. వెనక లారీ హారన్. పక్కనుంచి దూసుకుపోయే బస్సు. ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే బైకు. నగరానికి అటు చివర నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఔటర్ రింగ్ రోడ్డు వెంట సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో మొదలైంది. అదే ఔటర్ మన పెద్ద అంబర్‌పేట పక్కనుంచీ పోతుంది. ట్రాక్ మాత్రం ఇటు రాలేదు.

అందుకే మన వైపు కాస్త స్తోమత ఉన్న ఇళ్లలో సైకిల్ బాల్కనీలోకి చేరుతోంది. వెనక చక్రం తీసేసి సైకిల్‌ను స్మార్ట్ ట్రైనర్‌కు బిగిస్తారు. ఎదురుగా టీవీనో, ట్యాబో పెడతారు. తెర మీద ఎత్తు రోడ్డు వస్తే ట్రైనర్ దానంతట అదే పెడల్‌ను బరువు చేస్తుంది, దిగుడు వస్తే తేలిక చేస్తుంది. మంచి వ్యాయామమే. వద్దనడం లేదు.

నేను వద్దంటున్నది ఆ తర్వాత వచ్చే సరదాను. ఒక యాప్ సరిపోక రెండోదాన్నీ అదే ట్రైనర్‌కు కలపడాన్ని. జ్విఫ్ట్‌లో నలుగురితో కలిసి తొక్కుతున్నట్టుంటుంది. రూవీలో నిజమైన రోడ్ల వీడియోలు కనిపిస్తాయి. ట్రైనర్‌రోడ్ పద్ధతిగా కసరత్తు చేయిస్తుంది. మైవూష్ అయితే ఉచితం. ఒకదానిలో ఉన్నది ఇంకోదానిలో లేదు కాబట్టి రెండూ కావాలనిపిస్తుంది. నాకూ అనిపించింది.

ఒక సాయంత్రం టీవీలో ఒకటి, ఫోన్‌లో ఒకటి పెట్టి ఎక్కాను. టీవీలో కొండ ఎక్కుతున్నాను. ఫోన్‌లోదేమో నన్ను 140 వాట్ల దగ్గర నిలబెట్టాలని చూస్తోంది. పెడల్ ఒక నిమిషం గాలిలా తేలిపోయింది. మరు నిమిషం తడి ఇసుకలో కూరుకుపోయినట్టు బిగిసింది. దిగకుండా పంతంగా తొక్కాను. కుడి మోకాలు పది రోజులు మెట్లెక్కనివ్వలేదు. తప్పు యాప్‌లది కాదు, నాది.

బిగుసుకోవడం ఎందుకంటే..

ట్రైనర్ రెండు పనులు చేస్తుంది. మీ బలం ఎన్ని వాట్లో, కాలు నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చెబుతుంది. యాప్ ఇచ్చే ఆదేశం విని బరువు మారుస్తుంది. చెప్పేది ఎందరు విన్నా ఫర్వాలేదు. ఆదేశం మాత్రం ఒకరే ఇవ్వాలి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఒకటి ఎత్తు రోడ్డు అంటూ, ఇంకోటి ఇన్ని వాట్లే అంటూ వంతులేసుకుని ఆదేశాలిస్తే మధ్యలో నలిగేది మీ మోకాలు.

వాట్లు స్థిరంగా పట్టే ఈ పద్ధతిని ఎర్గ్ మోడ్ అంటారు. ఇందులో ఒక చిక్కు ఉంది. అలసి కాలు నెమ్మదిస్తే, వాట్లు తగ్గకుండా ట్రైనర్ బరువు పెంచుతుంది. బరువు పెరిగితే కాలు ఇంకా నెమ్మదిస్తుంది. అలాంటప్పుడు పంతం పట్టకండి. ఆగి, ఆదేశం తీసేసి, తేలిగ్గా మళ్లీ మొదలుపెట్టండి.

ఇంత చెప్పినా రెండూ కావాలంటారా? సరే, ఆదేశం ఒకదానికే ఇవ్వండి. యాప్‌లో పరికరాలు కలిపే చోట పవర్, కేడెన్స్, రెసిస్టెన్స్ విడివిడిగా ఉంటే రెండో యాప్‌లో రెసిస్టెన్స్‌ను ఖాళీగా వదిలేయండి. అది చూస్తుంది, నడపదు. రెండో యాప్‌కు ట్రైనర్ అసలు కనిపించకపోతే కంగారుపడకండి. చాలా పాత ట్రైనర్లు బ్లూటూత్‌లో ఒకసారి ఒకరితోనే మాట్లాడతాయి. యాంట్ ప్లస్ సిగ్నల్‌ను మాత్రం ఒకేసారి చాలా పరికరాలు అందుకోగలవు. దానికి కంప్యూటర్‌కు చిన్న డాంగిల్ కావాలి. ఇక స్ట్రావాకు రెండు యాప్‌ల నుంచీ పంపకండి. ఒకే గంట రెండు గంటలుగా లెక్కకెక్కవచ్చు. తెర మీద రెట్టింపైనంత మాత్రాన ఒంట్లో కొవ్వు రెట్టింపు కరగదు.

ఒంటికి అంకెలు తెలియవు

రెండు తెరలు చూసేవాళ్లు మూడోదాన్ని మరిచిపోతారు. అదే తమ ఒళ్లు. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. దానితోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తూ ఉండాలంది. ఓ మోస్తరు అంటే ఎంత? తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. దీనికి ఏ యాపూ అక్కర్లేదు.

బీపీకి అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు వాడుతున్నారా? వాటివల్ల గుండె వేగం తగ్గి ఉంటుంది. యాప్ చూపే హార్ట్ రేట్ జోన్లు మీకు వర్తించవు. షుగర్‌కు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతుంటే వ్యాయామంలో షుగర్ పడిపోవచ్చు. మొదలుపెట్టేముందు డాక్టర్‌ను అడగండి. చేతికందేలా గ్లూకోజ్ పెట్టుకోండి. తొక్కుతుండగా ఛాతీలో బిగింపు, కళ్లు తిరగడం, ఎన్నడూ లేని ఆయాసం వస్తే వెంటనే ఆపేసి వైద్యసాయం తీసుకోండి. కసరత్తు ఇంకా నాలుగు నిమిషాలే ఉందని యాప్ చెబుతుంది. దాని మాట వినకండి. ఇంట్లో తొక్కితే ఎదురుగాలి ఉండదు కాబట్టి ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. రెండో తెర కన్నా ముందు ఒక టేబుల్ ఫ్యాన్ కొనండి.

రెండో యాప్ కాదు, రెండో మనిషి

అసలు నేను చెప్పదలచుకున్నది ఇదీ. ట్రైనర్, సైకిల్ కలిపితే మధ్యతరగతి ఇంటికి చిన్న ఖర్చు కాదు. దాన్ని చాలా ఇళ్లలో ఒక్కరే తొక్కుతారు, ఎక్కువగా ఇంటాయనే. మిగతా 23 గంటలు అది తువ్వాళ్లు ఆరేసుకునే దండెం. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం 2022 నాటి లెక్క చెప్పింది. మన దేశంలో సుమారు సగం మంది పెద్దలకు చాలినంత శారీరక శ్రమ లేదు. మగవాళ్లలో అది 42 శాతమైతే ఆడవాళ్లలో 57 శాతం. అంటే మీ బాల్కనీలో ఆ సైకిల్ అవసరం ఎక్కువున్న మనిషి బహుశా వంటింట్లో ఉంది.

రెండో యాప్ చందా కట్టే ముందు ఆమె పేరుతో ఒక ఖాతా తెరవండి. ఆమె బరువే రాయండి, ఎందుకంటే తెర మీది వేగం బరువును బట్టి మారుతుంది. సీటు దించండి. పెడల్ కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు తిన్నగా చాచుకోవాలి. అదే సరైన ఎత్తు. మొదటి వారం పది నిమిషాలు చాలు, ఏ కొండలూ వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ పది నిమిషాలు పొయ్యి దగ్గర మీరు నిలబడండి.

అలా మొదలుపెట్టాక మా ఇంట్లో ఇప్పుడు యాప్ ఒక్కటే. తొక్కేవాళ్లం మాత్రం ఇద్దరం. నా మోకాలు బాగుంది. టీ ఎవరు పెట్టాలన్న దాని మీదే రోజూ పేచీ.