మరమ్మతుల అంచనా ఎవరి చేతిలో ఉన్నది?

సచార్ కమిటీ 2006 నాటి నివేదిక ప్రకారం దేశంలో నమోదైన వక్ఫ్ ఆస్తులు 4.9 లక్షలు, వాటి వార్షికాదాయం దాదాపు 163 కోట్ల రూపాయలు. సక్రమంగా వినియోగిస్తే అది 12,000 కోట్లకు చేరగలదని కమిటీ లెక్కగట్టింది. ఈ అంతరానికి ఆక్రమణలూ నామమాత్రపు అద్దెలూ కారణమని మనం ఏళ్ల తరబడి చెప్పుకొంటూనే ఉన్నాము. మరమ్మతుల అంచనా అనే చిన్న కాగితాన్ని మాత్రం ఎవరూ ప్రస్తావించరు.

మస్జిదును ఆనుకొని ఉన్న మలిగీల కప్పు కారుతుంది, పెచ్చులూడతాయి. కమిటీ పెద్దలు ఒక కాంట్రాక్టరును పిలుస్తారు. ఆయన ఒకసారి చుట్టూ తిరిగి నోటికి వచ్చిన అంకె చెబుతాడు. అది విని కమిటీ నీరుగారిపోతుంది. సరిగ్గా అప్పుడే ఇంకొకరు ప్రత్యక్షమై, దీర్ఘకాలిక లీజుకిస్తే అన్నీ తామే కట్టుకుంటామంటారు. 30 ఏళ్లకు మించిన లీజు చెల్లదని వక్ఫ్ చట్టం చెబుతున్నది, నిజమే. కానీ 30 ఏళ్లంటే ఒక తరం.

ఒక ఉదాహరణ తీసుకుందాము. 8 మలిగీలు, ఒక్కొక్కదానికి నెలకు 4,000 రూపాయల అద్దె. బాగు చేస్తే 7,000 వస్తుందనుకుంటే నెలకు అదనంగా 24,000. కొలిచి వేసిన అంచనా 8 లక్షలు. పాత గోడ విప్పితే ఏమి బయటపడుతుందో తెలియదు గనుక దానిపై 20 శాతం కలపాలి: 9,60,000. పని జరిగే నాలుగు నెలల అద్దె నష్టం 1,28,000. మొత్తం 10,88,000 రూపాయలు సుమారు 45 నెలలలో తిరిగి వస్తాయి. అదే కాంట్రాక్టరు నోటిమాటగా 20 లక్షలన్నాడనుకోండి, ఏడేళ్లు దాటుతుంది. కమిటీ నిర్ణయాన్ని తారుమారు చేసినది కట్టడం స్థితి కాదు, ఆ నోటిమాట.

అందుచేత మేము కోరేది ఇది. మొదట పని చేయబోని ఇంజనీరు చేత, ఫీజు చెల్లించి, పరీక్ష చేయించాలి. అంచనా వేసేవాడే పని దక్కించుకొనేవాడైతే అంకెను నమ్మడం కష్టం. పెచ్చులు ఊడినచోట ఇనుము ఎంత తుప్పు పట్టినదో తెలియకుండా పైపూత వేస్తే, ఉబ్బిన తుప్పు మళ్లీ కాంక్రీటును చీలుస్తుంది. పాత గచ్చు సున్నపు గోడలపై సిమెంటు పూయించడం మరొక దురలవాటు. లోపలి చెమ్మ బయటకు పోలేక గోడను తినేస్తుంది. ప్రతి పనికీ కొలత, రేటు విడివిడిగా వ్రాయించి, ప్రభుత్వ ఇంజనీరింగ్ శాఖల ప్రామాణిక ధరల పట్టికతో పోల్చాలి. శిథిలాల తరలింపు, విద్యుత్ తీగల మార్పు, జీఎస్టీ కలిపినారా లేదా అన్నది అడిగి తీరాలి. ఆ కాగితాన్ని జమాత్ అంతా చూసేలా మస్జిదు బోర్డుపై అంటించాలి. దాచవలసినదేముంది?

డబ్బు చాలకపోతే కప్పు, నీటి పారుదల ముందు. రంగులు, షట్టర్లు తరువాత. మన కమిటీలు తరచు దీనికి విరుద్ధంగా చేస్తున్నాయని చెప్పక తప్పదు.

అద్దెదారులను మరువరాదు. వారిలో అధికులు మనవంటి చిరు వ్యాపారులే. ఖాళీ చేయించే ముందే తిరిగి వచ్చే తేదీ, కొత్త అద్దె లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలి. ఒక్కరు కోర్టుకెక్కినా నాలుగు నెలల నష్టం నాలుగేళ్లవుతుంది. ఆ ఖర్చు ఏ అంచనాలోనూ ఉండదు.