ఖాళీ నేల అనే అబద్ధం

అమెరికా ప్రస్తావన వస్తే మన ఇళ్లలో తరచూ వినిపించే మాట ఒకటుంది. "అక్కడ అంతా ఖాళీ నేల. యూరప్ నుంచి వెళ్లినవాళ్లు ఒళ్లు వంచి బాగుచేసుకున్నారు. కష్టపడ్డవాడిదే ఆ దేశం." పిల్లల్ని అక్కడికి పంపిన తల్లిదండ్రులు ఈ మాట మనస్ఫూర్తిగా నమ్ముతారు. కానీ ఇది నిజం కాదు. ఆ సంగతి తేల్చడానికి అమెరికా అంటే గిట్టనివాళ్ల సాక్ష్యం అక్కర్లేదు. భూమి వెతుక్కుంటూ వెళ్లి, ఆ దేశాన్ని మనసారా మెచ్చుకున్న ఒక ఇంగ్లీషు రైతు కథ చాలు.

ఆయన పేరు మోరిస్ బర్క్‌బెక్. సర్రీ జిల్లా వాన్‌బరోలో దాదాపు 1,500 ఎకరాలు కౌలుకు చేసేవాడు. భూమి సొంతం కాదు గనుక ఓటు లేదు. క్వేకర్లనే వేరే క్రైస్తవ శాఖ కుటుంబంలో పుట్టినా, తనది కాని చర్చికి పంటలో పదో వంతు చెల్లించక తప్పదు. ఆ అవమానం భరించలేక 1817లో, 53 ఏళ్ల వయసులో, కుటుంబంతో ఓడ ఎక్కాడు. ఆ ప్రయాణం మీద ఆయన రాసిన పుస్తకం ఇంగ్లండ్‌లో ముద్రణ మీద ముద్రణ పొందింది. బండ్లు కట్టుకుని పడమటికి తరలిపోతున్న కుటుంబాలను, పెద్ద పట్టణాలకు దూరంగా బతుకుతున్నవాళ్లలోనూ కనిపించిన మర్యాదను అందులో ఎంతో ఇష్టంగా వర్ణించాడు.

చివరికి ఇల్లినాయ్‌లో, వాబాష్ నదికి పడమట ఉన్న గడ్డి మైదానంలో ఆయన భూమి కొన్నాడు. మరి ఆ నేల ఖాళీగా ఎలా అయింది? 1805 డిసెంబరులో విన్సెన్స్‌లో జరిగిన ఒప్పందంలో పియాంకషా జాతివాళ్లు ఆ ప్రాంతాన్ని వదులుకున్నారు. వాళ్లకు దక్కింది 1,100 డాలర్లు, ఆపైన ఏటా ఇచ్చే సొమ్ములో మరో 300. ఆ భూమినే ప్రభుత్వం ఎకరం 2 డాలర్లకు అమ్మింది. కనీసం 160 ఎకరాలు కొనాలి, అంటే 320 డాలర్లు. ఒక జాతికి ఏటా పెంచి ఇచ్చిన సొమ్ము ఒక్క రైతు కొనే ముక్క ధరకు కూడా చాలదు!

"ఇష్టపడి అమ్మారు కదా" అంటారు. ఆదివాసుల భూమిని అమెరికా ప్రభుత్వం తప్ప ఇంకెవరూ కొనరాదని అప్పటికే చట్టం ఉంది. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు, వాడి చేతిలోనే సైన్యం కూడా ఉన్నప్పుడు, దాన్ని బేరం అనగలమా? రెవెన్యూ దస్త్రంలో 'బంజరు' అని రాసిన నేల మీద పశువులు మేపుకుని బతికేవాళ్లుంటారని తెలుగువాళ్లకు ఒకరు చెప్పాలా? కాగితం మీది మాట మనుషుల్ని ఎలా మాయం చేస్తుందో మనకు బాగా తెలుసు.

"సరే, కష్టపడ్డవాడికి దక్కింది కదా" అన్న మాట మిగిలింది. ఎవరి కష్టం? 1817 మేలో వర్జీనియాలో బర్క్‌బెక్ ఒక వేలంపాట చూశాడు. నడివీధిలో ఇద్దరు బానిస స్త్రీలను, వాళ్ల బిడ్డలను అమ్ముతున్నారు. కొనేవాళ్లు పశువులను తడిమినట్టు తడిమి చూస్తున్నారు. విడిపోతామన్న భయంతో ఆ తల్లులు ఏడుస్తుంటే తానూ ఏడ్చానని రాసుకున్నాడు. ఆయన భూమి నమోదు చేయించుకున్న కార్యాలయం షానీటౌన్‌లో ఉండేది. ఆ ఊరి దగ్గరి ఉప్పు బట్టీల్లో బానిసలు ఉప్పునీళ్లు మరగబెట్టేవారు. 1818 నాటి ఇల్లినాయ్ రాజ్యాంగం కొత్తగా బానిసత్వం తేరాదంటూనే ఆ బట్టీలకు 1825 దాకా మినహాయింపు ఇచ్చింది. ఏళ్ల తరబడి అక్కడ చెమటోడ్చినా ఆ కష్టం బానిసలకు భూమి మీద హక్కు ఇవ్వలేదు. కష్టానికి భూమి దక్కేదే నిజమైతే మొదటి పట్టా వాళ్లకే రావాలి.

నేను బర్క్‌బెక్‌ను దోషిగా నిలబెట్టడం లేదు. పియాంకషాల నేల మీదే ఆయనా ఇల్లు కట్టుకున్నాడు, ఆ లెక్క చెరిగేది కాదు. అయితే ఆయన బతుకు అక్కడితో ఆగలేదు. 1823లో బానిసత్వాన్ని తెచ్చుకునేలా రాజ్యాంగం మార్చాలని ఇల్లినాయ్‌లో ఉద్యమం లేచింది. బర్క్‌బెక్ 'జొనాథన్ ఫ్రీమన్' అనే మారుపేరుతో, ఆ షానీటౌన్ పత్రికలోనే, దాన్ని ఖండిస్తూ ఉత్తరాలు రాశాడు. 1824 ఆగస్టులో ఓటింగ్ జరిగింది. మార్పు కావాలన్నవాళ్లు 4,972 మంది, వద్దన్నవాళ్లు 6,640 మంది. తేడా 1,668 ఓట్లు. అంత తక్కువ తేడాతో గట్టెక్కిన స్వేచ్ఛను ఆ నేల సహజ గుణమని ఎలా అంటాం? మనుషులు పోట్లాడి నిలబెడితే నిలబడింది.

మరుసటి ఏడు జూన్‌లో ఆయన నది దాటుతూ మునిగి చనిపోయాడు. తన పాత ఊరి పేరే పెట్టి కట్టుకున్న వాన్‌బరో ఇప్పుడు లేదు. ఆ ఓటు మాత్రం మిగిలింది.

ఖాళీ నేల కథ నమ్మినవాడు తాను ఎవరికీ బాకీ లేననుకుంటాడు. ఈరోజు అమెరికాలో ఇల్లు కొనుక్కుంటున్న మన పిల్లలకు ఆ కథ చెప్పి పంపకండి. ఆ నేల మీద ముందు ఎవరున్నారో, ఎవరి చెమట ఇంకిందో, వచ్చినవాళ్లలో ఎవరు అన్యాయానికి ఎదురు నిలిచారో చెప్పి పంపండి.