పెద్దమ్మకు స్నానం ఎవరు చేయించాలి?

కాస్త కోపంతోనే రాస్తున్నాను, మన్నించండి.

పోయిన నెల మన బరంపురంలోనే ఒక వృద్ధాశ్రమంలో ఉన్న మా పెద్దమ్మను చూడ్డానికి వెళ్లాను. రిజిస్టరులో ఆవిడ పేరు పక్కన నాలుగు రోజులుగా ఒకటే మాట: 'స్నానానికి సహకరించడం లేదు.' ఏమైందే అని అడిగితే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మగపిల్లాడొస్తున్నాడు నాన్నా, నాకు సిగ్గు" అంది.

ఎనభై దాటిన మనిషి. తుంటి విరిగి లేవలేకపోతోందే గానీ, సిగ్గూ అభిమానం ఎక్కడికి పోతాయి? ఆ మాట ఎవరూ అడగలేదు. మొండితనమని రాసి పడేశారు.

ఆ కుర్రాడిని ఏమీ అనను, మంచివాడే. మేనేజరు "మనుషులు చాలడం లేదు సార్" అన్నారు. అదీ నిజమే కావచ్చు. కానీ ఇద్దరు ఆయాలు మధ్యాహ్నం డ్యూటీకి వస్తున్నారు. స్నానం పొద్దున ఆరింటికే కావాలని ఎవరికి? సాయంత్రానికి మార్పించాను. ఆ రోజే చేసింది. పైసా ఖర్చు కాలేదు.

జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో, ఆడ రోగిని మగ డాక్టరు పరీక్షించేటప్పుడు పక్కన ఒక ఆడమనిషి ఉండాలని ఉంది. అది ఆసుపత్రుల సంగతి, ఒప్పుకుంటాను. అయినా, ఐదు నిమిషాలు చూసి వెళ్లే డాక్టరుకే ఆ నియమం ఉంటే, రోజూ బట్టలు విప్పి ఒళ్లు తుడిచే చోట ఉండక్కర్లేదా?

భాష సంగతీ అంతే. మతిమరుపు ముదిరాక, జీవితమంతా బజారులో ఒడియా మాట్లాడినవాళ్లు కూడా చిన్ననాటి తెలుగులోకి వెళ్లిపోతుంటారు. దాహం అన్నా అర్థంకాని మనిషిని పక్కన పెడితే ఏం లాభం?

మన గ్రూపులో ఒకాయన, "అయితే మా కులంవాళ్లే చెయ్యాలంటే?" అని అడిగారు. కుదరదండి. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణలోనే రద్దు చేసింది, 1955 చట్టం దాన్ని శిక్షార్హం చేసింది. పెద్దమ్మ అడిగింది తన ఒంటి మర్యాద. ఆయన అడిగేది ఎదుటివాళ్ల పుట్టుక. ఈ రెండూ ఒకటేనని వాదించి అసలు విషయాన్ని పక్కకు నెట్టకండి.

ఏటా ఉగాదికి అక్కడ చీరలూ పళ్లూ పంచి ఫొటోలు దిగుతాం. నేనూ దిగాను. ఈసారి విరాళం ఇచ్చేముందు కమిటీ ఒక్క షరతు పెట్టాలి: చేరేరోజే ఎవరిచేత స్నానం, ఏ భాషలో మాట అని అడిగి రాసుకోవాలి. ఎవరైనా వద్దంటే, ఎందుకు వద్దంటున్నారో కూడా రిజిస్టరులో ఉండాలి.

వచ్చే సమావేశం అజెండాలో పెట్టమని కార్యదర్శిగారికి రెండుసార్లు రాశాను. జవాబు ఇంకా రాలేదు.