ప్రయాణం పడని మనిషిని ఇంట్లో వదిలి వెళ్ళకండి



ఈ మధ్య మన ఆసుపత్రికి వచ్చే పెద్దలు కొందరు ఒక కొత్త ప్రశ్న అడుగుతున్నారు. "సిస్టరమ్మా, మా అబ్బాయి ఓడ టిక్కెట్లు తీస్తానంటున్నాడు. నాకేమో బస్సే పడదు. ఓడ ఎక్కగలనా?"

పూర్వం ఓడ ప్రయాణమంటే అండమాన్ వెళ్ళేవారికే తెలిసేది. ఇప్పుడు కాలం మారింది. 2022 జూన్‌లో చెన్నై నుండి ఎంప్రెస్ అనే విహార నౌక విశాఖపట్నం వచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖ ఓడరేవులో విహార నౌకల కోసం ప్రత్యేక టెర్మినల్ ప్రారంభమైంది. ముంబై నుండి గోవా వెళ్ళే ఓడల్లో, సింగపూరు నుండి బయలుదేరే ఓడల్లో కూడా మన తెలుగు కుటుంబాలు కనిపిస్తున్నాయి. ఉద్యోగాల్లో స్థిరపడిన పిల్లలు అమ్మానాన్నల పెళ్ళిరోజుకని ఇటువంటి ప్రయాణం తలపెడుతున్నారు. సంతోషించదగిన విషయమే.

కానీ ప్రతి ఇంట్లోనూ ప్రయాణం పడని మనిషి ఒకరుంటారు. చాలా ఇళ్ళలో ఆ మనిషి తల్లే. ఆమె విషయంలో రెండే జరుగుతాయి. "నేను రాలేనురా, మీరు వెళ్ళిరండి" అని ఇంటి దగ్గర ఉండిపోతుంది. లేదా ముందు రాత్రి నుండి అన్నం మానేసి, పక్కింటివారు ఇచ్చిన మాత్ర ఏదో మింగి, ప్రాణం బిగబట్టుకొని బయలుదేరుతుంది. ఈ రెండూ సరికాదని నా అభిప్రాయం. కుటుంబ ప్రయాణమంటే దానిని మొదట పడని మనిషికి తగినట్టు అమర్చుకోవాలి. తక్కినవారికి ఎలాగూ ఇబ్బంది ఉండదు.

ఇది పిరికితనం కాదు

మన చెవి లోపలి భాగంలో ద్రవంతో నిండిన మూడు అర్ధచంద్రాకారపు నాళాలున్నాయి. మనం ఎటు కదులుతున్నామో అవి మెదడుకు చెబుతాయి. ఓడ గదిలో కూర్చున్నప్పుడు గోడలు, మంచం కదలడం లేదని కన్ను చెబుతుంది. ఊగుతున్నామని చెవి చెబుతుంది. ఈ రెండు కబుర్లూ పొసగక మెదడు తికమకపడుతుంది. అప్పుడు ఆవులింతలు, నోట్లో నీళ్ళూరడం, ముఖం పాలిపోవడం, చల్లని చెమట, చివరకు వాంతి వస్తాయి. లోపలి చెవి రెండు వైపులా పూర్తిగా పనిచేయనివారికి ఈ బాధే రాదు. దీనినిబట్టి ఇది శరీరపు పని అనీ, మనసు బలహీనత కాదనీ గ్రహించాలి.

రెండేళ్ళలోపు పిల్లలకు ఇది అరుదు. రెండు నుండి పన్నెండేళ్ళ వరకు ఎక్కువ. పురుషులకంటే స్త్రీలకు ఎక్కువ. గర్భిణులకు, పార్శ్వపు తలనొప్పి ఉన్నవారికి ఇంకా ఎక్కువ. ఊపు బాగా పెరిగితే ఎంతటివారైనా పడక తప్పదు. ఇంగ్లండు నౌకాదళాన్ని నడిపించిన అడ్మిరల్ నెల్సన్‌కే జీవితాంతం సముద్రం పడేది కాదు. వికారానికి మేము ఆసుపత్రిలో వాడే 'నాసియా' అన్న మాట కూడా ఓడ అనే అర్థమున్న గ్రీకు పదం నుండి వచ్చినదే. మన 'నౌక'కు అది దగ్గరి చుట్టం. అంటే మనుషులు ఓడలెక్కినప్పటి నుండీ ఈ బాధ ఉన్నదే.

అందుచేత "నీవల్ల అందరి సరదా పాడవుతోంది", "విశ్వాసముంటే ఏమీ కాదు" వంటి మాటలు దయచేసి అనవద్దు. మొదటి మాట ఆమెను వచ్చేసారి ఇంట్లో కూర్చోబెడుతుంది. రెండవ మాట ఆమె బాధను దాచుకొనేలా చేస్తుంది. దాచుకున్న బాధకు మేము వైద్యం చేయలేము.

టిక్కెట్టు కొనకముందే

డబ్బు కట్టిన తర్వాత మార్చలేనివి కొన్ని ఉన్నాయి. అవి ముందే చూసుకోవాలి.

మొదటిది నెల. బంగాళాఖాతం జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనాల వల్ల అలజడిగా ఉంటుంది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుపానుల కాలం. జనవరి నుండి మార్చి వరకు సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది. ఓడలు నడిచే నెలలన్నీ మన కడుపుకు అనుకూలమైన నెలలు కావు. 2022లో విశాఖకు ఓడ వచ్చింది జూన్ నెలలోనే. పిల్లల సెలవులు, ఆఫీసు సెలవులు చూసినట్టే సముద్రాన్ని కూడా చూడండి.

రెండవది గది. పిల్లలాడే ఎక్కుడు దిగుడు బల్లను గుర్తు తెచ్చుకోండి. రెండు కొసలూ లేచి పడుతుంటాయి, నడిమి భాగం దాదాపు కదలదు. ఓడ కూడా అంతే. ముందు భాగంలోను, పై అంతస్తుల్లోను ఊపు ఎక్కువ. కింది అంతస్తులో, ఓడ పొడవుకు మధ్యన ఉన్న గది మేలు. కిటికీ ఉంటే మరీ మంచిది. డబ్బు సరిపోకపోతే పై అంతస్తు బాల్కనీకంటే కింద మధ్యలో ఉన్న కిటికీ లేని గదే నయం. తక్కువ ధరకిచ్చి, ఏ గదో తర్వాత చెబుతామనే టిక్కెట్టు పడనివారికి వద్దు.

మూడవది రోజులు. సముద్రపు ఊపుకు శరీరం అలవాటుపడటానికి రెండు మూడు రోజులు పడుతుంది. మొదటిసారి వెళ్ళేవారికి రెండు మూడు రాత్రుల ప్రయాణం, మధ్యలో ఒక ఊరిలో దిగే వీలు ఉన్నది చాలు. ఏడు రాత్రుల ప్రయాణం రెండవసారికి ఉంచుకోండి. దిగిన తర్వాత ఒకటి రెండు రోజులు నేల ఊగుతున్నట్టు అనిపించవచ్చు. భయపడవద్దు, అదే తగ్గుతుంది. అందుకని దిగిన రోజునే బండి నడపవద్దు.

బస్సు పడనివారందరికీ ఓడ పడదనుకోకండి. అరకు ఘాటులోను, మారేడుమిల్లి ఘాటులోను వచ్చే మలుపులు, డీజిలు వాసన, మూసిన కిటికీలు ఓడలో ఉండవు. పెద్ద ఓడలకు ఒరుగుడును తగ్గించే రెక్కలు నీటి అడుగున ఉంటాయి. అలాగే సముద్రంలో చిన్న పడవ ఎక్కి వాంతి చేసుకున్నంత మాత్రాన ఓడ కూడా పడదని తీర్మానించకండి. చిన్న పడవ ఎగిరిపడినట్టు పెద్ద ఓడ ఎగిరిపడదు.

మాత్రల విషయంలో జాగ్రత్త

మందుల దుకాణంలో "వాంతులకు మాత్ర ఇవ్వండి" అని అడిగితే చాలాసార్లు ఒండాన్‌సెట్రాన్ చేతిలో పెడతారు. విరేచనాలతో వచ్చే వాంతులకు, క్యాన్సరు మందుల వల్ల వచ్చే వాంతులకు అది మంచి మందు. ప్రయాణపు వికారానికి మాత్రం అంతగా పనిచేయదు. అవోమిన్ పేరుతో అందరికీ తెలిసిన ప్రొమెథజిన్, స్టుజెరాన్ పేరుతో దొరికే సిన్నారిజిన్ వంటివి ఇందుకు వాడే మందులు. వీటిని వికారం మొదలయ్యాక మింగితే ప్రయోజనం తక్కువ. మందునుబట్టి బయలుదేరడానికి గంటా రెండు గంటల ముందు, లేదా ముందు రాత్రి వేసుకోవాలి.

ఇవి నిద్ర తెప్పిస్తాయి, నోరు ఎండబెడతాయి. నీటికాసులు, ప్రోస్టేటు వాపు, మూర్ఛ, ఆయాసం ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరుగారిని అడగకుండా వాడరాదు. వణుకుడు జబ్బు ఉన్నవారికి సిన్నారిజిన్ వద్దు. రెండేళ్ళలోపు బిడ్డకు ప్రొమెథజిన్ ఇస్తే ఊపిరికే ప్రమాదం. పెద్ద పిల్లలకైనా వయసును, బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదే ఇవ్వాలి. పెద్దవాళ్ళ మాత్రను విరిచి సగం ఇవ్వడం వైద్యం కాదు. వృద్ధులకు ఈ మందుల వల్ల మగత, మతిమరుపు, తూలడం రావచ్చు. ఊగే ఓడలో తూలి పడితే తుంటి ఎముక విరుగుతుంది.

విదేశాల్లో ఉన్న పిల్లలు చెవి వెనుక అంటించే స్కొపొలమిన్ పట్టీ తెస్తుంటారు. నీటికాసులు ఉన్నవారు దానిని వాడరాదు. పట్టీని ముట్టుకున్న చేతిని సబ్బుతో కడుక్కోవాలి. అదే చేత్తో కన్ను నలుపుకుంటే కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది.

నా సలహా ఒకటే. ప్రయాణానికి రెండు వారాల ముందు మీరు రోజూ వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకొని ఓపీకి రండి. డాక్టరుగారు రాసిన మాత్రను ఒక సెలవు రోజున ఇంట్లోనే వేసుకొని చూడండి. ఎంత మగత వస్తుందో నడిసముద్రంలో తెలుసుకోవడంకంటే ఇంట్లో తెలుసుకోవడం మంచిది.

అల్లం కొందరికి ఉపశమనం ఇస్తుంది, కొందరికి ఇవ్వదు. వంటలో వాడేంత అల్లంతో హాని లేదు. రక్తం పలుచబడే మందులు వాడేవారు ఎక్కువగా తినేముందు అడగండి. షుగరు ఉన్నవారు అల్లం మురబ్బాలో ఉన్నది ఎక్కువగా చక్కెరేనని మరువకండి. నిమ్మకాయ వాసన చూస్తే హాయిగా ఉందంటే తప్పక చూడండి.

ఖాళీ కడుపుతో వెళ్ళవద్దు

నన్ను ఎక్కువగా కలవరపెట్టే అలవాటు ఇది. "ఏమీ తినకపోతే ఏమీ రాదు" అని మనవాళ్ళ నమ్మకం. నిజానికి ఖాళీ కడుపులో వికారం పెరుగుతుంది. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో పౌలు ఎక్కిన ఓడ తుపానులో చిక్కుకొంది. అందులో ఉన్న 276 మంది పద్నాలుగు రోజులు సరిగా తినలేదు. పౌలు వారిని భోజనం చేయమని బతిమాలి, ముందుగా తానే రొట్టె తిన్నాడు. ఆ సంగతి రాసిన లూకా వైద్యుడు. ఎన్నిసార్లు చదివినా నాకది మంచి నర్సింగ్ పనిగానే కనిపిస్తుంది.

బయలుదేరేముందు రెండు ఇడ్లీలు, లేదా కొంచెం పెరుగన్నం, లేదా ఉప్పు బిస్కెట్లు తినండి. వేపుళ్ళు, మసాలాలు, కడుపు నిండా భోజనం వద్దు. ఓడలో బఫే ఉచితమని అన్నీ రుచి చూడకండి. కొద్దికొద్దిగా నాలుగైదుసార్లు తినండి. మంచినీళ్ళు గుక్కగుక్కగా తాగండి.

షుగరు ఉన్నవారికి ఇది ప్రాణానికి సంబంధించిన మాట. మాత్ర గానీ ఇన్సులిన్ గానీ తీసుకొని తినకపోయినా, తిన్నది వాంతి అయినా చక్కెర పడిపోవచ్చు. అప్పుడూ చల్లని చెమట, వణుకు, తల తిరగడం, నీరసమే. ప్రయాణపు వికారానికీ అవే గుర్తులు. "అమ్మకు ఓడ పడలేదు, పడుకోనివ్వండి" అని దుప్పటి కప్పి వదిలేస్తే మనిషి దక్కకపోవచ్చు. అందుకని షుగరు చూసే మిషను, గ్లూకోజు పొడి, ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉంచుకోండి. పెద్ద పెట్టెలు గదికి చేరడానికి గంటలు పడుతుంది. వాంతులైన రోజున షుగరు, బీపీ మందులు ఎలా వాడాలో ముందే డాక్టరుగారితో కాగితం మీద రాయించుకోండి.

ఓడ ఎక్కిన తర్వాత

వికారం మొదలవగానే గదిలోకి వెళ్ళి ముడుచుకోకండి. ఓడ మధ్యన గాలి తగిలే చోట నిలబడి, లేదా కూర్చొని, సముద్రం ఆకాశం కలిసే గీతను చూడండి. ఆ గీత కదలదు కనుక కంటికీ చెవికీ మళ్ళీ పొత్తు కుదురుతుంది. ఫోను చూడడం, బైబిలు చదవడం కూడా కాసేపు ఆపండి. తెలిసిన పాట మనసులో పాడుకోండి. బయటకు వెళ్ళలేకపోతే కళ్ళు మూసుకొని, తల కదలకుండా వెల్లకిలా పడుకోండి.

పిల్లలు వికారమని చెప్పలేరు. అల్లరి చేసే పిల్లవాడు ఉన్నట్టుండి నోరు మెదపకుండా కూర్చున్నా, కడుపునొప్పి అన్నా, ముఖం తెల్లబడినా గాలి తగిలే చోటికి తీసుకువెళ్ళండి. వాంతులు రెండు మూడు అయితే ఓఆర్ఎస్ చెంచాతో పట్టండి. వాంతి, విరేచనం కలిసి వస్తే అది సముద్రం పని కాకపోవచ్చు. ఓడల్లో నోరోవైరస్ త్వరగా వ్యాపిస్తుంది. దానికి శానిటైజరు చాలదు, సబ్బుతో చేతులు కడగాలి.

ఛాతీలో బరువు, విపరీతమైన తలనొప్పి, మాట తడబడడం, ఒక వైపు చేయి కాలు పట్టు తప్పడం, వాంతిలో రక్తం, నీళ్ళు కూడా నిలవకపోవడం, ఎనిమిది గంటలైనా మూత్రం రాకపోవడం కనిపిస్తే వెంటనే ఓడలోని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. రుసుము వేరుగా తీసుకుంటారని ఆలస్యం చేయవద్దు. ఆ ఖర్చు కూడా వర్తించే ప్రయాణ బీమా ముందుగానే చేయించండి.

చివరి మాట ఆమెదే

ఇవన్నీ చెప్పినా ఆమె "నాకు వద్దు" అంటే బలవంతం చేయవద్దు. గర్భం 24 వారాలు దాటినవారిని చాలా ఓడ సంస్థలు ఎక్కించుకోవు. గుండె జబ్బు కొత్తగా వచ్చినవారు, చెవి ఆపరేషను అయినవారు డాక్టరు మాట వినాలి. ఓడ కాకపోతే రైలు ఉంది, సముద్రపు ఒడ్డున రెండు రోజుల బస ఉంది. అందరూ కలిసి ఉండడమే కదా ముఖ్యం.

కానీ ఆమె వద్దన్నది భయంతోనా, మీకు భారమవుతాననా అన్నది అడిగి తెలుసుకోండి. ఇంటిల్లిపాదికీ క్యారేజీలు కట్టి, అందరినీ ప్రయాణాలకు సాగనంపి, తాను గుమ్మంలో నిలబడిపోయిన తల్లులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నెల చూసి, గది చూసి, మందు అడిగి, రెండు ఇడ్లీలు తినిపించి తీసుకువెళితే వారిలో చాలామంది సముద్రాన్ని చూడగలరు. ఆ శ్రమ మీరు తీసుకోండి.

ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్