భయానక చిత్రములు – డిస్కుల మంచిచెడ్డలు



నవరసములలో భయానకమునకు ఒక వింత గుణము కలదు. హాస్యమునకు ముఖము స్పష్టముగా కనబడవలెను. భయానకమునకు చీకటియే ప్రాణము. కనబడీ కనబడని దానిని చూచియే గుండె జల్లుమనును. కావున పాత భయానక చిత్రమును డిస్కుపై చూచునపుడు చీకటి చీకటిగా రాకున్నచో రసమంతయు చెడిపోవును. ఈ నెల మన శీర్షికలో ఆ సంగతి ముచ్చటింతము.

మొదట మా యింటి ముచ్చట చెప్పెదను. మాది అనంతపురము జిల్లా. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపుచ్చుకొను మెట్టసీమ. మా అవ్వ చిన్ననాడు తాడిపత్రిలో డేరా సినిమాలో ‘పాతాళభైరవి’ చూచినది. 1951లో వెలువడిన ఆ చిత్రమునకు దర్శకులైన కె.వి.రెడ్డిగారు 1912లో ఆ తాడిపత్రిలోనే జన్మించిరి. అందుచేత అవ్వకు అది తన ఊరి బిడ్డ తీసిన చిత్రము. గుహలో మాంత్రికుని చూచి తల్లి కొంగుచాటున దాగిన వైనమును ఆమె మాకు ఎన్నిమారులు చెప్పినదో లెక్కలేదు.

కొన్నేండ్ల క్రిందట ఒక డిస్కు చవుకగా దొరకగా కొనితెచ్చి టీవీలో వేసితిని. గుహ ఘట్టము వచ్చుసరికి తెరయంతయు బూడిద పూసినట్లయినది. మాటలు డబ్బాలోనుండి వచ్చినట్లున్నవి. పిల్లలు పకపక నవ్విరి. అవ్వ కాసేపు కండ్లు చికిలించి చూచి, “నా కండ్లు పోయినాయమ్మా, ఏమీ ఆనడంలేదు” అని లేచి లోపలికి పోయినది. ఆ మాట నా మనసులో ముల్లువలె నాటుకొన్నది. తప్పు కండ్లదా, డిస్కుదా? అది తెలిసికొనవలెనని పూనుకొంటిని.

‘పాతాళభైరవి’ దయ్యముల కథ కాదు, జానపద కథ. అయినను గుహ, ఎత్తైన భైరవి విగ్రహము, నరబలి, మాంత్రికుని వికటహాసము – వీనివలన భయానకము అందులో దండిగా ఉన్నది. మార్కస్ బార్ట్లేగారు నలుపు తెలుపులతోనే ఆ గుహకు లోతు తెచ్చిరి. ఆ రెంటి నడుమనున్న వందలాది ఛాయలు పోయినచో గుహ వట్టి గోడయగును.

అవి ఎట్లు పోవును? ఒకరు వేసిన ముగ్గును చూచి మరియొకరు, దానిని చూచి ఇంకొకరు వేసినచో నాలుగవ వాకిటికి చుక్కలు తప్పును గదా! చిత్రమును తీసిన మూల నెగటివునుండి చేసిన డిస్కు మొదటి ముగ్గు. ఊరూర తిరిగి గీతలు పడిన ప్రతినుండి చేసినది నాలుగవ ముగ్గు. ఆపైన డిస్కుల తారతమ్యము. మన దేశపు వీసీడీలో ఒక్కొక్క బొమ్మ సుమారు లక్ష చుక్కలతో ఏర్పడును. డీవీడీలో నాలుగు లక్షలు, బ్లూరేలో ఇరువది లక్షలు. డీవీడీయైనను మూడు చిత్రములను ఒక్కదానిలో కుక్కినచో బొమ్మ నలిగిపోవును. ఆ నలుగుడు ముందుగా చీకటి ఘట్టములలోనే బయటపడును. నలుపంతయు చదరపు గడులుగా విచ్చిపోవును.

ఇంటనే చేయదగిన పరీక్షలు ఇవి.

మొదటిది ఆకారము. నాటి చిత్రములు ఇంచుమించు నాలుగింటికి మూడు వంతుల కొలతలో తీసినవి. నేటి వెడల్పు టీవీలో వానికి ఇరుప్రక్కల నల్లని పట్టీలు మిగులును. అది దోషము కాదు. తెర నిండినదన్న బొమ్మను సాగదీసిరి, లేదా తలలు, పాదములు కత్తిరించిరి. నాయిక నుదుటి బొట్టు చూడుడు. గుండ్రని బొట్టు కోడిగ్రుడ్డువలె సాగినచో ముందుగా టీవీ అమరికను సరిచేయుడు.

రెండవది నలుపు. ప్రొద్దుగూకిన పిమ్మట దీపములు తగ్గించి చూడుడు. మన సీమ ఎండలో పగటివేళ ఏ డిస్కును తూచరాదు. చీకటి గోడ ముందున్న నల్లని జుట్టు వేరుగా తెలియవలెను. తెల్లని వస్త్రములో మడతలు కనబడవలెను.

మూడవది రేణువులు. ఫిలిముపై సన్నని రవ్వ కదలాడినట్లుండుట సహజము. దానిని తుడిచివేయబోయి కొందరు ముఖములను మైనపు బొమ్మలుగా చేయుదురు. ముసలివాని ముఖమున ముడుతలు లేకున్నచో అనుమానింపుడు.

నాలుగవది ధ్వని. పాత చిత్రములలో సన్నని బుసవంటి చప్పుడు ఉండును, దానిని సహింపవచ్చును. దానిని బొత్తిగా తీసివేయబోయిన, కడుగుతోపాటు బియ్యమును పారబోసినట్లగును. ఎస్.వి.రంగారావుగారి “డింభకా” అను పిలుపు వినుడు. ‘భ’లో ఊపిరి వినబడినచో ధ్వని మంచిది; ‘బ’గా మొద్దుబారినచో చెడ్డది.

ఐదవది నిడివి. ఈ చిత్రము మూడు గంటలకు పైబడినది. అంతకు బాగా తగ్గినచో పాటలో, ఘట్టములో కోసివేసిరని గ్రహింపవలెను.

ఈ అవస్థ మనకే కాదు. అమెరికాలో జార్జి రొమెరో 1968లో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ అను భయానక చిత్రమును తీసెను. చివరిలో పేరు మార్చినపుడు హక్కుల ప్రకటన తెరపైనుండి జారిపోయినది. దానితో ఎవరికి తోచినట్లు వారు ప్రతులు తీసి అమ్ముకొనిరి. ఏండ్ల తరబడి జనులు చూచినది మసక బొమ్మ. 2016లో న్యూయార్కులోని ఆధునిక కళా మ్యూజియము, ఫిల్మ్ ఫౌండేషను కలిసి మూల నెగటివునుండి దానిని పునరుద్ధరించినపుడు ఛాయలన్నియు మరల వెలికివచ్చినవి. చిత్రము ముసలిదైపోలేదు, ప్రతులే చెడినవి.

డిస్కును అంచున మాత్రమే పట్టుకొనుడు. మన ఊళ్ళ గాలిలో ఇసుక రేణువులుండును గనుక మెత్తని నూలుగుడ్డతో నడుమనుండి అంచునకు తిన్నగా తుడువవలెను, గుండ్రముగా త్రిప్పి రుద్దరాదు. రేకుల కప్పు క్రింద వేడిలో దాచరాదు.

పిదప బంధువులయింటనుండి మరియొక డీవీడీ తెచ్చి, రాత్రివేళ దీపమార్పి అవ్వను కూర్చుండబెట్టితిని. గుహ వచ్చినది. పిల్లలు నవ్వలేదు, చిన్నది జరిగి జరిగి అవ్వ ఒడిలో చేరినది. అవ్వ దాని తలపై కొంగు కప్పి, “చూడు, వాని గడ్డము ఎట్లుందో!” అనెను. కండ్లు బాగానే ఉన్నవి.

సోదరీమణులారా! ఇంటి పెద్దలు “కనబడుటలేదు, వినబడుటలేదు” అన్నపుడు వయసును నిందింపకముందు డిస్కును పరీక్షింపుడు. మంచి డిస్కులోను కనబడకున్నచో జాగు చేయక కంటి వైద్యునికి చూపుడు. పాత చిత్రములను చూచి పిల్లలు నవ్వినపుడును అంతే. వారు నవ్వునది చిత్రమును చూచియో, చెడిన ప్రతిని చూచియో ముందుగా మనము తెలిసికొందము.