చల్లదనం ఎవరి హక్కు?

2023 ఆగస్టులో ఫుట్‌బాల్ తార నెయ్‌మార్ పారిస్ విడిచి సౌదీ అరేబియాలోని అల్-హిలాల్ క్లబ్బులో చేరాడు. గాయాల వల్ల ఏడు మ్యాచ్‌లే ఆడగలిగాడు. 2025 జనవరిలో ఇరువర్గాల అంగీకారంతో ఒప్పందం ముగించుకుని, తాను పెరిగిన బ్రెజిల్ క్లబ్బు సాంటోస్‌కు తిరిగి వెళ్లాడు. అందులో తప్పేమీ లేదు. ఒంట్లో బాగాలేనప్పుడు గౌరవంగా ఇంటికి చేరే వీలు పనిచేసే ప్రతి మనిషికీ ఉండాలి.

ఆ వీలు మన వాళ్లకు ఉందా? జగిత్యాల, నిజామాబాద్, కడప ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా మన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు గల్ఫ్ దేశాలకు వెళ్తున్నారు. ఏజెంటుకు కట్టడానికి ఎంతోమంది అప్పు చేసి వెళ్తారు. జబ్బు చేసి తిరిగి రావాలంటే ఆ అప్పే కాళ్లకు సంకెళ్లు. 2034 ప్రపంచ కప్ సౌదీలోనే జరుగుతుంది. ఎండాకాలంలో మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ నియమం ఉంది. మంచిదే. కానీ ఎండ మూడు గంటలకే చల్లారిపోదు కదా!

గల్ఫ్ దాకా ఎందుకు, పావగడ తాలూకానే చూద్దాం. కర్ణాటకలో ఉన్నా ఇది మూడు వైపులా ఆంధ్ర సరిహద్దున్న, తెలుగు మాట్లాడే కరువు సీమ. తిరుమణి, వళ్లూరు చుట్టుపక్కల అయిదు గ్రామాల్లో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వెలసింది. భూమి ఉన్నవారికి ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో కౌలు మొదలైంది. భూమి లేని కూలీలకు కౌలు రాలేదు, పొలం పనీ పోయింది. గొర్రెలు మేసిన బీళ్లకు కంచె పడింది. మన ఎండతో పుట్టిన కరెంటు నగరాల్లో ఏసీలు నడుపుతుంటే, ఇక్కడి పేదవాడు రేకుల ఇంట్లో ఉడికిపోతున్నాడు.

పాత పద్ధతులకు తిరిగి వెళ్దామని చాలామంది అంటున్నారు. అందులో నిజముంది. మట్టికుండ గోడలోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. తడిపిన వట్టివేళ్ల తడికలదీ అదే సూత్రం. గాలి పొడిగా ఉండే పావగడలో ఇవి సముద్రతీరంలో కంటే బాగా పనిచేస్తాయి. మట్టి మిద్దె పగటి వేడిని త్వరగా లోపలికి రానివ్వదు. వేపచెట్టు నీడ, రాగి అంబలి, మజ్జిగ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

అయితే పాతదంతా బంగారమని మనం అనలేం. ఊళ్లో రచ్చబండ మీద చెట్టు నీడ అందరిదీ కాలేదు. ఊరి బావిలో మన పెద్దలకు చేద వేసే హక్కు లేదు. దాహమడిగితే ఎత్తు నుంచి దోసిట్లో పోసేవారు. ఆ కుండ నీళ్లు చల్లనివే, పోసిన తీరు మాత్రం కాల్చేది. కాబట్టి మనం తిరిగి తెచ్చుకోవలసింది కుండను, ఆ కట్టుబాట్లను కాదు.

ప్రవక్తయైన యెషయా దేవుణ్ణి బీదలకు ఎండలో నీడగా చూశాడు. ద్రాక్షతోట ఉపమానంలోని కూలివారు తాము మోసిన ఎండ బాధను గుర్తుచేశారు. నీడ, నీళ్లు మన విశ్వాసానికి బయటి విషయాలు కావు.

యువతీ యువకులారా, ఈ వేసవిలో మన సంఘాలు చేయగల పనులు ఉన్నాయి. వాడలోని రేకుల ఇళ్ల పైకప్పులకు తెల్ల సున్నం వేద్దాం. అది ఎండను తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లోనే కూల్ రూఫ్ విధానం తెచ్చింది, కర్ణాటకనూ అడుగుదాం. మందిరం తలుపులు మధ్యాహ్నం కూలీల కోసం తెరిచి ఉంచుదాం. చలివేంద్రం పెడదాం, కానీ మన బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. కుండ నీటిని చల్లబరుస్తుందే గాని ఫ్లోరైడ్‌ను తీసేయదు. శుద్ధి చేసిన నీళ్లే పోద్దాం.

ఇవన్నీ సేవ. సేవతో ఆగిపోతే సగం పనే అవుతుంది. పని స్థలంలో తాగునీరు, విశ్రాంతి సమయం, పిల్లలకు నీడ ఉండాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టమే చెప్పింది. అవి దానాలు కావు, కూలివాని హక్కులు. వాటిని పంచాయతీలో అడుగుదాం, తాలూకా కచేరీలో అడుగుదాం, ఇచ్చేదాకా అడుగుదాం.