రెండే గెలుపులా?

చార్లీ సిఫర్డ్ పేరెత్తగానే "పీజీఏ టూరులో గెలిచింది రెండే కదా!" అని పెదవి విరిచేవారితో నాకు పేచీ ఉంది. 1967లో హార్ట్‌ఫర్డ్, 1969లో లాస్ ఏంజెలెస్. నిజమే, రెండే. కానీ లెక్కను అక్కడ మొదలుపెట్టడమే అన్యాయం.

అమెరికా పీజీఏ తన నిబంధనావళిలో 'తెల్లవారికి మాత్రమే' అన్న షరతును 1934లో చేర్చింది. 1961 నవంబరులో గానీ తొలగించలేదు. 1922లో పుట్టిన సిఫర్డ్‌కు అప్పటికి 39 ఏళ్ళు. ఆటకు పదునుండే వయసులో అధికభాగం గుమ్మం బయటే కరిగిపోయింది. ఆ రెండు గెలుపుల తరువాత కూడా మాస్టర్స్ పోటీకి పిలుపు రాలేదు.

2004లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు, 2014లో అధ్యక్షుని పతకం. వీటితో బాకీ తీరినట్లేనా? పోయిన యౌవనాన్ని ఏ పతకం తిరిగి తెస్తుంది? తలుపు మూసినవారి పద్దు విడిచి, బయట నిలబడ్డవాడి పద్దే తిరగేసే గణాంకం నా దృష్టిలో పక్షపాతమే.